గ్రహణంలో నొక్కని వేలు

మా మనవరాలు రుచిత నాకు అంటగట్టిన ఆటలో చేయవలసిన పనల్లా వేలితో నొక్కడమే. టాబ్లెట్‌లో సూర్యుడి మీద నొక్కితే వెలుగు రాలుతుంది. ఆ వెలుగు పోగేసి రాకెట్లు తెచ్చుకుంటే, అవి వెళ్ళి గ్రహాల మీద గనులు తవ్వుతాయి. నేను పక్కన పడేసి పప్పులో పోపు పెట్టుకొచ్చేసరికి కూడా తవ్వుతూనే ఉంటాయి. ఇంత బుద్ధిగా పనిచేసేవాళ్ళు నాకు కాకినాడలో ఏనాడూ దొరకలేదు.

సింగపూర్‌లోని క్లెమెంటిలో ఉన్న మా అమ్మాయి శ్రీజ ఫ్లాట్‌కి వచ్చి రెండు నెలలైంది. తనూ అల్లుడూ బ్యాంకుల్లో కంప్యూటర్ ఉద్యోగాలకు పొద్దున్నే పోతారు. డిసెంబరు సెలవులు కాబట్టి ఇంట్లో నేనూ పదేళ్ళ రుచితా మిగిలాం.

ఆటలో చిట్టచివర పొగ కమ్మిన గ్రహం ఒకటుంది. లోపలేముందో రుచిత ఎప్పుడో చూసేసింది. చెప్పమని ఎంత బతిమాలినా, "నో, అమ్మమ్మా! నువ్వే చూడాలి, లా!" అంటుంది. మాట చివర ఆ 'లా' తగిలించకపోతే ఈ ఊరి పిల్లలకు తోచదు. పొగ తొలగాలంటే ఉంగరపు రాళ్ళు కావాలట. నెలరోజులుగా నొక్కుతున్నా నాకు ఒక్కటీ పడలేదు. తిన్నది ఒంటబట్టడం మానేసింది.

క్రిస్మస్ ముందురోజు రుచిత నా పక్కనే కూర్చుని నేను ఆడుతుంటే చూసింది. తెర మీద చంద్రుడు సూర్యుడికి అడ్డంగా వచ్చాడు. నేను ఎప్పటిలాగే టాబ్లెట్ బోర్లించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావ్?"

"గ్రహణం పట్టింది కదే. విడిచాక ఆడతాను."

రుచిత సోఫాలోంచి జారి కిందపడి నవ్వింది. "అమ్మమ్మా! రింగ్ స్టోన్స్ పడేది అప్పుడే! మూన్ మధ్యలోకి వచ్చినప్పుడే నొక్కాలి!"

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ గ్రహణం వచ్చినప్పుడు లెంపలేసుకుని మరీ నొక్కాను. రాళ్ళు జలజలా రాలాయి. సాయంత్రానికి పొగ విడిపోయింది.

ఆ గ్రహం మీద గనుల్లేవు, బంగారం లేదు. ఒక ఖాళీ కుర్చీ ఉంది. దానికెదురుగా ఆకాశంలో నల్లటి చంద్రుడు, చుట్టూ చేతిగాజులా సన్నటి వెలుగు.

"నిజంగా ఇలాగే ఉంటుందా?" అన్నాను.

"ఎల్లుండి మధ్యాహ్నం నిజం గ్రహణం ఇక్కడే వస్తుంది కదా. అమ్మ స్పెషల్ గ్లాసెస్ కొనిపెట్టింది. బట్ నువ్వు రావు, నన్నూ పంపవు. మళ్ళీ సింగపూర్‌లో రింగ్ అంటే 2063లోనే."

"ఆట వేరు, నిజం వేరు. గుమ్మం దాటితే ఊరుకోను," అన్నాను. అప్పటికి నేనుండనన్న సంగతి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంది.

గురువారం గ్రహణం. పెందలాడే భోజనాలు ముగించి, పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, కిటికీల తెరలన్నీ దించాను. మధ్యాహ్నమయ్యేసరికి తెరల అంచుల్లోంచి వచ్చే వెలుతురు మందగించింది. రుచిత కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేచీ పెట్టినా బాగుండేది. నాకు ఆ ఖాళీ కుర్చీయే గుర్తొస్తోంది. ఇక ఉండబట్టలేక లేచాను.

"చెప్పులేసుకో. ఆ కళ్ళద్దాలు తీసుకో."

లిఫ్టు దిగి బ్లాక్ పక్కన మైదానానికి పరుగెత్తాం. అప్పటికే అక్కడ జనం తలలెత్తి నిలబడ్డారు. రుచిత ముందు తను చూసి, కేకవేసి, కళ్ళద్దాలు నాకు పెట్టింది.

అచ్చం అదే వెలుగు గాజు. నేను పుట్టి అరవై ఆరేళ్ళయింది, పేరు చూస్తే సూర్యకుమారి. ఎన్ని గ్రహణాలొచ్చినా తలుపులు బిడాయించుకుని కూర్చున్నాను. ఇంత అందంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం? కోపమొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"అమ్మమ్మా, ఏం చేస్తున్నావ్?" రుచిత కిలకిలా నవ్వుతోంది.

చూసుకుంటే, నా వేలు గాల్లో నొక్కుతూ ఉంది.