నాలుగు వేళ్లు

నేను ఒక ఫ్లెక్సీ ముక్కను. ఒకప్పుడు నా మీద ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వేవాడు. ఎన్నికలయ్యాక మల్కవ్వ నన్ను గొర్రెల దొడ్డి మీద కప్పింది, తర్వాత పాదం ఆకారంలో కోసింది. నాయకుడిది ఒక చెవి మాత్రం నాకు మిగిలింది. వినడమే తప్ప మాట్లాడడం రాకపోవడానికి అదే కారణమేమో.

నా పని చిన్నదే. నా చుట్టూ ఉన్ని పరిచి, వేడి సబ్బునీళ్లు చల్లి రుద్దుతారు. ఉన్ని ముడుచుకుని గట్టిపడుతుంది. మధ్యలో నేను అడ్డం ఉంటాను కాబట్టి పైపొర, కిందిపొర అంటుకోవు. చివర కోసి నన్ను లాగేస్తే కుట్టు లేని కాలిజోడు మిగులుతుంది.

మల్కవ్వకు ఆ కుట్టు లేని జోడే కావాలి. భర్త కొమురెల్లికి షుగర్. కుడికాలి బొటనవేలు అప్పటికే తీసేశారు. ఆ కాలికి స్పర్శ లేదు. కుట్టు ఒరుసుకుని మళ్లీ పుండు పడితే ఈసారి ఒక్క వేలితో పోదని డాక్టరు చెప్పాడు.

"చుట్టూ నాలుగు వేళ్లు విడిచి గీయండి, ఉన్ని ముడుచుకుంటుంది" అని పని నేర్పిన మేడం ఒకటికి పదిసార్లు చెప్పింది. మల్కవ్వ తలూపింది. కానీ ఆమెది గొంగళ్లు నేసే ఇల్లు. మగ్గం మీద కొలత కొలతే. "కాలు కదిలియ్యకు" అంటూ అతని పాదాన్ని నా మీద పెట్టించి, బొగ్గుతో అంచు వెంబడే గీసి, ఆ గీత మీదే కోసింది. నాకు భయం వేసింది.

వాళ్లకు మిగిలిన నల్ల ఉన్ని గొర్రెలు రెండే. ఉన్న ఉన్నంతా నా మీద పరిచేసింది. రుద్దేకొద్దీ అది నన్ను బిగించింది. లోపల చీకట్లో మడతలు పడుతూ, ఆపమ్మా అని అరవలేక చచ్చాను.

కోసి నన్ను లాగింది. జోడు పిల్లలు తొడుక్కునేంతే వచ్చింది. కొమురెల్లి పాదం సగం బయటే ఉండిపోయింది. "నా చేతులార నేనే గిట్ల జేస్తి" అని మల్కవ్వ కూలబడింది. మళ్లీ ఉన్ని కత్తిరించేది ఆరు నెలలకు.

మేకుకు వేలాడుతూ నేను అతని పాత చెప్పుల చప్పుడు వింటూ ఉన్నాను. రోజూ సాయంత్రం ఆమె ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఎక్కడైనా పుండు పడిందేమోనని వెతికేది. నాలుగో నెలలో ఒకరోజు ఆమె చేయి ఆగిపోయింది. చెప్పు కుట్టు తగిలే చోట ఎర్రటి మచ్చ.

ఆసుపత్రి నుంచి అతను సగం పాదంతో వచ్చాడు. గాయం మానాక, ఆమె దాచిన ఆ చిన్న జోడు తనే వెతికి తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"మేడం ఇడ్వమన్న నాలుగు వేళ్లు నేను ఇడ్సిన గదనే" అని నవ్వాడు.

మల్కవ్వ నవ్వలేదు. కొత్త ఉన్ని వచ్చింది, ఎడమకాలు ఇంకా ఉంది. మిగిలిన ఫ్లెక్సీ మీద ఆ పాదాన్ని పెట్టించి, నన్ను ఎదురుగా పెట్టుకుని బొగ్గు తీసుకుంది. నాలుగు వేళ్లు కొలిచి గీసింది. చెరిపి, మళ్లీ కొలిచింది.