రెండు చెట్ల అక్షరం

ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ మా అత్తగారు ఏప్రన్ కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇందులో ఎవరు పోయారే?" అని అడిగేది. నాది పుస్తకాల్లో నేర్చుకున్న కొరియన్. కాపురానికొచ్చిన కొత్తలో నిజంగానే ఎవరో పోయారనుకుని, "అయ్యో, ఎవరు అత్తయ్యా?" అన్నాను. పోయినవాళ్ళెవరూ లేరు. ఉన్నది మా అమ్మ కట్టి ఇచ్చిన చేపనీళ్ళ సీసా. చేపా ఉప్పూ జాడీలో వేసి ఏడాది మగ్గబెడితే అడుగున ఊరే తేనెరంగు నీళ్ళవి. మా దేశంలో, మెకాంగ్ నది ఒడ్డున మా ఊళ్ళో అవి లేకుండా అన్నం తింటే తిన్నట్టే కాదు. ఈ కొరియాలో, నాజు ఊళ్ళో అవి ఉంటే ఇల్లు ఇల్లే కాదు. మా వరండాలో అత్తగారు ఎండగట్టిన సోయా ముద్దలు వేలాడుతుంటాయి. తడి మేజోళ్ళు మూటగట్టి నెల తర్వాత విప్పితే వచ్చే వాసన వాటిది. దాన్ని సంప్రదాయం అంటారు. నా సీసాది కంపు.

మా ఆయన కీతే న్యాయంగా మాట్లాడే మనిషి. "అమ్మకి పడదు కదా. కిమ్చీ పచ్చట్లో పోసే నెత్తళ్ళ రసం మనింట్లోనూ ఉందిగా, అది వాడుకో. రెండూ ఒకటే," అన్నాడు. నిజమే, అదే చేప, అదే ఉప్పు. కానీ అది వాళ్ళ భాషలో పులిసింది. దానితో వండుకుని నోట్లో పెట్టుకుంటే, మా అమ్మ గొంతుతో ఎవరో పరాయి మనిషి నన్ను పిలిచినట్టుండేది. దూరదేశంలో నీకేం గుర్తొస్తుందని ఎవరైనా అడిగితే ముందు అమ్మ అని చెప్పడం మర్యాద. నాకు మాత్రం ముందు వెల్లుల్లి వేసి మగ్గించిన తూటికూర గుర్తొస్తుంది. ఆ తర్వాత, చేపనీళ్ళలో పంచదార కరిగించి అందులో ముంచుకు తినే పచ్చిమామిడి ముక్క. ఆ తర్వాత మట్టిపిడతలో కాల్చిన పంచదారా మిరియాలతో అడుగంటేదాకా ఉడికే చేప. ఆ పిడతని కాసేపు అలాగే చూస్తే దాన్ని కుదుపుతున్న చెయ్యొకటి కనిపిస్తుంది. అమ్మ అక్కడ వస్తుంది. మా అత్తగారు మాటకి ముందోసారి, వెనకోసారి, "నీ చేతికి రుచి లేదే," అంటుంది. ఉందేమో, ఇంకా ఇక్కడికి చేరలేదు.

అత్తగారి పేరు ఇమ్ మల్‌సున్. మల్ అంటే ఆఖరిది. ఆడపిల్లలు ఇక చాలని పెట్టిన పేరు. పేరు పెట్టారుగానీ బడికి పంపలేదు. ఇక్కడ పోయినవాళ్ళ పేర్లు పాత చైనా అక్షరాల్లో రాస్తారు. వాటిలో ఆవిడ గుర్తుపట్టేది ఒక్కటే, తన ఇంటిపేరు. బ్యాంకులో వేసే ముద్ర మీద ఉంటుంది కాబట్టి తెలుసు. పక్కపక్కన నిలబడ్డ రెండు చెట్లలా ఉంటుంది. వీళ్ళలోనూ మాలోనూ ఆడది పెళ్ళయినా పుట్టింటి పేరే మోస్తుంది. మా అమ్మ లామ్ థి హువె. లామ్ అన్నా ఇమ్ అన్నా రాసేది ఆ రెండు చెట్లే, పలకడంలోనే తేడా. కాంథోలో కాలేజీ చదువుతున్నప్పుడు ఆ అక్షరాలూ నేర్చుకున్నాను. పెళ్ళయిన నెలలోనే ఈ సంగతి సంబరంగా అత్తగారి చెవిన వేశాను. "పిల్లికీ మీసాలుంటాయి. అంతమాత్రాన మా నాన్నకి తమ్ముడవుతుందా?" అంది. అంతటితో ఆ చుట్టరికం తెగింది.

పోయిన ఏడాది సంగతి చెప్పాలి. మామగారి తద్దినం రోజు. పొద్దున్నే నా ఫోను అత్తగారు తన ఏప్రన్ జేబులో వేసుకుంది, పితృదేవతల వంట చేస్తూ కబుర్లేమిటని. నేను వంటింటి నేల మీద చతికిలబడి గుమ్మడి చక్రాలకి పిండీ గుడ్డుసొనా పట్టించి వేయిస్తున్నాను. కీతే వచ్చి నీళ్ళు తాగి వెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, వేగిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది," అన్నాడు. తద్దినం వంట ముందుగా ఎవరూ ముట్టకూడదు. ఆడది ముడితే ఎంగిలి, మగవాడు ముడితే ఆకలి. వెళ్తూ నాకేసి అదోలా చూశాడు. నూనె పొగకి కళ్ళు మండుతున్నాయేమో అనుకున్నాను. మొక్కులయ్యాయి, చుట్టాలు తిని వెళ్ళారు, ఆఖరి ఇత్తడి గిన్నె తుడిచి బోర్లించాను. అప్పుడు చెప్పాడు, మా అమ్మ పోయిందని. మా అమ్మ పక్కింటి హాన్ పిన్ని ఉదయమే తనకి ఫోను చేసిందట.

"పొద్దుననగా తెలుసా మీకు?"

"చెబితే వంట ఎవరు చేస్తారు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే జవాబు తెలియక అడిగినట్టు అడిగాడు.

విమానం దొరికి, దిగి, పడవలో నది దాటి నేను ఇల్లు చేరేసరికి అమ్మ మట్టిలో ఉంది. నాన్న ఎప్పుడో పోయాడు, నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. హాన్ పిన్ని నా తల నిమిరి, "ఏడాది తిరిగేసరికి అన్నం నువ్వే పెట్టాలమ్మా. నేను పెడితే తినదు, దాని పంతం నీకు తెలుసుగా," అంది. పెట్టకపోతే ఏమవుతుందని అడిగాను. "ఏమవుతుంది? ఆకలితో తిరుగుతుంది," అంది, వీధి చివర వాన పడుతోందని చెప్పినంత మామూలుగా.

ఏడాది తిరిగింది. వీళ్ళ చంద్రుడూ మా చంద్రుడూ ఒకడే కాబట్టి, మామగారి తద్దినమూ మా అమ్మ తద్దినమూ ఒకే రోజు. అత్తగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఒక్క గిన్నె అత్తయ్యా. ఒక్క చెంచా. మామయ్యకి వడ్డించే బల్ల చివర అమ్మకి పెడతాను."

"ఒకే బల్ల మీద రెండు వంశాలవాళ్ళు కూర్చోరు. మీ మామ పరాయి ఆడదాని పక్కన కూర్చుని తింటాడా?"

"పోనీ, వంటింట్లో పెట్టుకుంటాను."

"నేను రోజూ వండుకునే చోటికి దయ్యాన్ని పిలుస్తావా?"

ఆయన పోతే పెద్దవారు. మా అమ్మ పోతే దయ్యం. కీతేని అడిగితే, "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు. ఏడాదిగా తిండి లేని మనిషికి వచ్చే ఏడు చూద్దాం. ఆ వారంలోనే, తద్దినానికి ఇల్లు శుద్ధి చేస్తూ అత్తగారు ఆ సీసా పెరట్లో మురుగు కాలవలో ఒంపేసింది. మూత కారకుండా అమ్మ తన చేత్తో రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చిన ఆఖరి సీసా. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, కాలవ పక్కన గొంతుక్కూర్చుని, ఇనుప జాలీ మీద మిగిలిన తడిని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని. సిగ్గేసింది. రుచిగా కూడా ఉంది, అదీ చెప్పాలి. ఖాళీ సీసా తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను.

తద్దినం రోజు బల్ల మీదకి పెట్టే చేపని నేనే వండాను. సీసాలో కాసిని వేడినీళ్ళు పోసి గిలకరించి, ఆ కడుగునీళ్ళు పంచదార పాకంలో పోసి, మిరియాలు దంచి వేసి, అడుగంటేదాకా ఉంచాను. అట్ల నూనె పొగలో ఆ వాసన ఎవరికీ అందలేదు.

పేరు కాగితం రాసే పని కూడా నాదే. అచ్చు వేసిన కాగితం మామగారి తమ్ముడు, చిన్నమామయ్య ఒప్పుకోడు, కుంచెతో రాయాలంటాడు. ఆయన చెయ్యి వణుకుతుంది. కీతేకి ఆ అక్షరాలు రావు. కాబట్టి వంటింట్లో పీట మీద పెట్టి నేను రాస్తాను. రాయడానికి పనికొస్తానుగానీ, గుమ్మం దాటి మొక్కడానికి పనికిరాను. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ళే వచ్చి బల్ల ముందు కూర్చుని తింటారు. కుంచె ముంచి చాలాసేపు కూర్చున్నాను. మామగారి పేరు పక్కన అమ్మ పేరు కూడా రాద్దామా అనిపించింది. కానీ ఒకే కాగితం మీద మగ పేరూ ఆడ పేరూ పక్కపక్కన ఉన్నాయంటే వాళ్ళు మొగుడూ పెళ్ళాలని అర్థం. మా అమ్మకి ఒక్క మొగుడితోనే ఓపిక అయిపోయింది. పోయాక కూడా దాన్ని ఈ ఇంటికి కోడలిగా తేలేను. మామగారు ఏటా తింటూనే ఉన్నారు. ఒక్క పూటకి ఏమీ కాదు. ఒక్క పేరే రాశాను.

చిన్నమామయ్య కాగితాన్ని బల్ల వెనక నిలబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, తల పంకించాడు. "కోడలి అక్షరం ముత్యమేరా. అన్నయ్య పేరు చూడు, కళకళలాడిపోతోంది," అన్నాడు. చెట్టంత మగవాళ్ళు వరసగా మోకాళ్ళ మీదకి వాలి, నుదురు నేలకి ఆనించి లామ్ థి హువెకి మొక్కారు. బతికుండగా ఆవిడకి కుర్చీ జరిపినవాడు లేడు. బియ్యపు సారా పోశారు. అమ్మకి సారా పడదు, సర్దుకోవాలి. కీతే చేప పళ్ళెం దగ్గరికి జరిపి, "నాన్నా, తృప్తిగా తినండి," అన్నాడు. వంటింటి తలుపు సందులోంచి చూస్తూ నోట్లో ఏప్రన్ కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

చివర్లో ఇచ్చే గంజినీళ్ళు తీసుకుని అత్తగారు గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆవిడ చూపు కాగితం మీదుంది. రెండు చెట్లు. మొక్కుల మధ్య ఆడది నోరెత్తకూడదు, ఎత్తలేదు. కీతే కాగితాన్ని కొవ్వొత్తికి అంటించి, బూడిద గిన్నెలో వేసేదాకా అలాగే నిలబడింది.

వంటింట్లోకి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోడ అవతల చుట్టాలున్నారు, గొంతు పైకి రానివ్వలేదు. "బతికున్నదాన్ని రాశావే? నా కొడుకు చేత నాకే తద్దినం పెట్టించావే?"

"మీరు కాదత్తయ్యా. మా అమ్మ. అక్షరం ఒకటేనని అప్పుడే చెప్పాను."

చెయ్యి వదిలేసింది. కేకేసి మగవాళ్ళని పిలుస్తుందనుకున్నాను. బట్టలు సంచిలో ఎలా సర్దుకోవాలో కూడా అనుకున్నాను. ఆవిడ నేల మీద కూలబడింది.

"కీతేకి తెలుసా?"

"తెలియదు."

"మీ చిన్నమామయ్య పెద్ద చదివినట్టు తలూపాడే?"

"ఆయనకి చదవడం రాదత్తయ్యా."

ఆవిడకి నవ్వొచ్చి, ఏప్రన్ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల గదిలో మగవాళ్ళు గ్లాసులు నింపుకుంటున్నారు. ఆవిడ నా చేతులకేసి చూసింది. వేళ్ళ మీద సిరా ఇంకా తడిగానే ఉంది.

"రేపు నేను పోతే," అంది, "ఆ కాగితం ఎవరు రాస్తారే?"

బల్ల మీంచి వెనక్కి వచ్చిన చేప పళ్ళెం ఆవిడ ముందు పెట్టి, చెంచా చేతికిచ్చాను.

"ముందు ఇది తినండి అత్తయ్యా," అన్నాను. "ముక్కు మూసుకోకుండా."