ఇంటివాళ్ళ వేళ్ళు

బడి బస్సు నడిపే ఆవిడ ఇంట్లో ఒకసారి దొంగలు పడ్డారు. పోలీసులొచ్చి బీరువా తలుపు మీద నల్లపొడి చల్లారు. ఇంటివాళ్ళ వేలిముద్రలేవో తేలితే దొంగవి మిగులుతాయని ఆవిడ వేళ్ళు కూడా మిషన్ మీద పెట్టించుకున్నారు. దొంగ ఈనాటికీ దొరకలేదు. ఆవిడ మాత్రం దొరికింది.

ముద్రలు తీసినాయన ఇంటివాళ్ళ గడిలో వేయాల్సినవి అనుమానితుల గడిలో వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత ఊరూరి పోలీసులు, రైల్వే పోలీసులు, సరిహద్దు వాళ్ళు కంప్యూటర్లన్నీ కలిపేసుకున్నారు. ఒక ఉత్తరానికి జవాబివ్వడానికి ఏడాది తీసుకునే ఆఫీసులు ఆవిడ వేళ్ళని మాత్రం చిటికెలో పంచుకున్నాయి. ఇప్పుడు బడివాళ్ళు డ్రైవర్లందరి వేలిముద్రలూ పోలీసులచేత సరిచూయిస్తే, ఆవిడ పేరు ఎర్రగా వచ్చింది. ఇవాళ తేల్చుకురాకపోతే తాళాలు ఇచ్చెయ్యమన్నారు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళింది. ముద్రలాయన మంచివాడే, నీళ్ళు నమలకుండా ఒప్పుకున్నాడు.

"నా తప్పేనమ్మా. నిన్న మీరు ఫోన్ చెయ్యగానే ఇక్కడ చెరిపేశాను."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "మరి మిగతా చోట్ల?"

"అక్కడే వచ్చింది చిక్కు. పంపినవాళ్ళు అడిగితేనే వాళ్ళు తీస్తారు. ఇప్పుడు మా దగ్గర మీ ముద్రలే లేవు. అవి మేం పంపినట్టు వాళ్ళ మిషన్ ఒప్పుకోవట్లేదు."

"అంటే మీరు సాయం చెయ్యకుండా ఉంటే పనయ్యేదన్నమాట," అన్నాడు తమ్ముడు.

ఆయన తల దించుకున్నాడు. "ఒక్కటే దారి. మిమ్మల్ని మళ్ళీ అనుమానితుల్లో ఎక్కించి, అప్పుడు పొరపాటని వెనక్కి అడగాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎక్కడం వెంటనేనమ్మా. వెనక్కి రావడం నేనింతవరకూ చూడలేదు."

ఇన్నేళ్ళూ ఒక్క పిల్లకి గీత పడకుండా బస్సు నడిపిన చేతులవి. ఆవిడ వాటిని ఒకసారి చూసుకుంది. వేళ్ళు గాజుపలక మీద పెట్టింది.

"కొంచెం గట్టిగా నొక్కండమ్మా."

నొక్కింది. అన్ని ఊళ్ళకీ చేరినట్టు తెర మీద పచ్చగా వెలిగింది.

బయటికొచ్చాక ఆవిడ బస్సు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టింది. "నువ్వే ఇచ్చిరారా. పిల్లలు అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పు."