ఎర్రచీటీ మెకానిక్కు

చలికాలపు ఉదయం. అయిదంతస్తుల మేడ మెట్ల మీద జనం బక్కెట్లు పట్టుకుని నిలబడ్డారు. బక్కెట్లు ఖాళీగానే ఉన్నాయి, నోళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి.

"కుళాయి తిప్పితే మంచుగడ్డలు వస్తున్నాయండీ. ముసలాయన కీళ్లు పట్టేసి మంచం దిగడం లేదు" అంది మూడో అంతస్తు ఇల్లాలు.

"ఎర్రచీటీని పిలిపించారటగా! ఇంకేం, స్నానాల మీద ఆశకి నీళ్లొదులుకోవడమే" అన్నాడు నాలుగో అంతస్తు గుమాస్తా.

మెట్ల మీద నవ్వులు గొల్లుమన్నాయి.

చదివేవారు ఒక్క మాట గమనించాలి. అలా నవ్విన వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మనలాంటి వాళ్లే. పిల్లల్ని బడికి పంపాలి, తాము పనులకు పోవాలి, ఇంట్లో పెద్దవాళ్లకు వేడినీళ్లు కావాలి. ఆ తొందరలో పుట్టిన నవ్వు అది. అందులో ఎంత విషం ఉందో ఆ పూట ఎవరికీ తెలియలేదు.

ఎర్రచీటీ అంటే ఆ వీధులకు వచ్చే గ్యాసు మెకానిక్కు. అతని అసలు పేరుతో ఎవరికీ పని లేదు. ఏ యంత్రంలోనైనా లోపం కనబడితే అతను దానికి కరెంటు ఆపేవాడు. స్విచ్చికి తాళం వేసి, ఎర్ర చీటీ మీద సంతకం పెట్టి, దాన్ని తాళానికి వేలాడదీసి పోయేవాడు. కారణం తేలేదాకా ఆ చీటీ తీసేవాడు కాదు. ఎవరెంత బతిమాలినా అంతే. మిగతా మెకానిక్కులు అలా కాదు. వాళ్ల సంచుల్లో రెండు కొసలకూ క్లిప్పులున్న చిన్న వైరుముక్క ఉంటుంది. దాన్ని వంతెన అంటారు. పని చేయని స్విచ్చిని దాటించి కరెంటును అవతలికి పంపడానికి, అదీ పరీక్ష చేసే కాసేపటికి మాత్రమే, వాడాల్సిన వస్తువది. పరీక్ష అయ్యాక తీసేయాలి. చాలామంది తీయరు. యంత్రం నడుస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు, మెకానిక్కుకు మంచి పేరు వస్తుంది.

ఆ మేడకంతటికీ వేడినీళ్లిచ్చే గ్యాసు బాయిలరు కింది అంతస్తులో ఉంది. దాన్నానుకునే కాపలా మనిషి కాపురముండే ఒంటిగది. రెండింటికీ మధ్య గోడలో గొట్టాలు దూరిన చోట కాస్త సందుంటే, కాపలా మనిషి భార్య అందులో పాతగుడ్డలు కుక్కింది. ఆమె ఎర్రచీటీకి సొంత చెల్లెలు. పెళ్లయ్యాక చాలాకాలం నిలవనీడ లేక తిరిగిన ఆ కుటుంబానికి, ఈ పని ఉందని కనుక్కుని, నాలుగు మాటలు చెప్పి ఇప్పించింది అతనే.

మెకానిక్కు బాయిలరు మూత విప్పాడు. ఈ యంత్రాల లోపలి ఏర్పాటు చాలా తెలివైనది. గోడలోంచి వచ్చిన కరెంటును తగ్గించి ఒక సన్నని వైరులోకి పంపుతారు. ఆ వైరు దారిలో, పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా నిలబడినట్టు, కొన్ని స్విచ్చిలు ఉంటాయి. ఒకటి నీళ్లు మితిమీరి కాగకుండా చూస్తుంది. ఇంకొకటి మంట బయటికి ఎగదన్నకుండా చూస్తుంది. మరొకటి గాలి స్విచ్చి. లోపలి పంకా పొగను సరిగ్గా బయటికి నెడుతోందా లేదా అన్నది దానికి తెలుస్తుంది. అందరూ చేతులు పట్టుకుని ఉంటేనే గ్యాసు దారి తెరుచుకుంటుంది. ఏ ఒక్కటి చెయ్యి వదిలినా మూతపడుతుంది.

అతను మీటరు పెట్టి చూశాడు. గాలి స్విచ్చి దాకా కరెంటు వస్తోంది. దాన్ని దాటి పోవడం లేదు. పంకా మాత్రం తిరుగుతూనే ఉంది. అంటే స్విచ్చి అయినా పాడై ఉండాలి, డాబా దాకా పోయే పొగగొట్టమైనా మూసుకుపోయి ఉండాలి.

అతను పైకి వెళ్లి, మేడ సంఘానికి అధ్యక్షుడైన అయిదో అంతస్తు ఆసామి తలుపు తట్టాడు.

"పొగగొట్టం చూడాలండీ. డాబా తాళం ఇప్పించండి."

"డాబా మీద మావాళ్లు బట్టలు ఆరేసుకున్నారు. ఆ మసి బూట్లతో అక్కడంతా తొక్కుతావా?" అన్నాడు అధ్యక్షుడు. "యంత్రం కింద, నీ చూపు పైన! ముందు నీళ్లు రానీ, గొట్టం సంగతి తర్వాత."

"చూడకుండా వెలిగించకూడదండీ."

"ఇదిగో, వినూ. నీ బావ ఇక్కడ కాపలా, నువ్వు ఇక్కడ మెకానిక్కు. ఇంటిల్లిపాదీ కలిసి మమ్మల్ని చలికి వణికిస్తున్నారు. ఇవాళ నీళ్లు రాకపోతే ఆ గది ఖాళీ చేయించి వేరే మనిషిని పెట్టుకుంటాం. ఊరికే బెదిరిస్తున్నాననుకోకు, అందరితో మాట్లాడే చెబుతున్నా."

మెకానిక్కు కిందికి దిగుతుండగానే గ్యాసు కంపెనీ సూపర్వైజరు ఫోను చేశాడు. "నీ మీద మళ్లీ ఫిర్యాదయ్యా! పక్కవాడు వెళ్తే పొయ్యి వెలుగుతుంది, నువ్వెళ్తే వెలిగే పొయ్యి కూడా ఆరుతుంది. అదేం చెయ్యో!"

అయినా అతను జేబులోంచి ఎర్ర చీటీ తీశాడు. సంతకం పెట్టబోతుంటే చెల్లెలు బాయిలరు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఇవాళ్టికి ఆ చీటీ జేబులో పెట్టుకో."

"తమాషా కాదే ఇది."

"తమాషాలాడే మొహంలా ఉందా నాది? ఆయన గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతివాళ్ల చేతా తిట్లు తింటున్నాడు. గది పోతే పిల్లని తీసుకుని ఎక్కడికి పోను? మీ ఇంటికి వస్తే వదిన మొదట నవ్వుతూ మాట్లాడుతుంది. తర్వాత గిన్నెలు మాట్లాడతాయి."

"మీ వదిన అలాంటిది కాదు."

"మంచిదేలే. గిన్నెలే చెడ్డవి." ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "మెకానిక్కులందరూ వేస్తారటగా, ఏదో వైరుముక్క? వాళ్ల చెల్లెళ్లు ఏమన్నా చచ్చిపోయారా?"

అతను చీటీ జేబులో పెట్టుకున్నాడు. సంచి అడుగున వెతికి వైరుముక్క తీసి, గాలి స్విచ్చికి ఈ వైపొక క్లిప్పు, ఆ వైపొక క్లిప్పు తగిలించాడు. బాయిలరులో టకటకమని చప్పుడైంది. గుప్పున మంట వెలిగింది.

"చూశావా, స్విచ్చి పాడైంది. అంతే" అన్నాడు. చెల్లెలికి చెప్పినట్టే చెప్పాడు గాని, ఆ మాట తనకు తానే చెప్పుకున్నాడు.

ఆ పనివాళ్లే చేసే తప్పు ఇది, బయటివాళ్లకు చేయడం కూడా రాదు. వంతెన వేయగానే మంట వెలిగిందంటే, స్విచ్చి చెయ్యి వదిలేసి ఉందని మాత్రమే అర్థం. ఎందుకు వదిలిందో ఆ వెలుగు చెప్పదు. పాడై వదిలిందా, పొగ పోవడం లేదని వదిలిందా? ఈ తేడా చూడని కుర్రమెకానిక్కులను అతను ఎన్నోసార్లు నలుగురిలో చీవాట్లు పెట్టాడు. ఇవాళ అతనే ఆ తేడాకు కళ్లు మూసుకున్నాడు.

"రేపు కొత్త స్విచ్చి తెచ్చి, డాబా ఎక్కి గొట్టం కూడా చూస్తా. అప్పటిదాకా గదిలో కిటికీ తెరిచి ఉంచు" అన్నాడు.

"ఈ చలిలోనా? ఎందుకు?"

ఎందుకో అతను చెప్పలేదు. చెబితే తను చేసిన పనికి పేరు పెట్టాల్సి వచ్చేది.

పై అంతస్తుల్లో కేకలు లేచాయి. "వచ్చాయి! వేడినీళ్లు వచ్చాయి!" గుమాస్తా మెట్ల మీంచి వంగి, "ఎర్రచీటీ గారూ! ఇవాళ మీకు పచ్చచీటీ ఇవ్వాలండీ" అని చప్పట్లు కొట్టాడు. అధ్యక్షుడు స్వయంగా కిందికి దిగి వచ్చి అతని భుజం తట్టాడు. "మనసు పెడితే ఎంతసేపయ్యా?" అన్నాడు. ఆ మేడలో అతన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. చెప్పడానికి సిగ్గుచేటు గాని, అతనికి అది బాగుంది.

"ఆగు, టీ పెడతా" అంది చెల్లెలు.

"ఇంకోచోట పనుంది" అంటూ అతను సంచి భుజాన వేసుకున్నాడు. వస్తానని చెప్పాడో లేదో, ఆమె గుమ్మం దాకా వచ్చిందో లేదో, తర్వాత ఎంత తల బాదుకున్నా అతనికి గుర్తుకు రాలేదు. ఆఖరి మాట అని తెలిస్తే మనిషి ప్రతి అక్షరం దాచుకుంటాడు. తెలియదు గనక అలా తలతిప్పి వెళ్లిపోతాడు.

మధ్యాహ్నం చెల్లెలు గేటు దగ్గరికి వెళ్లి భర్తతో, "తల పగిలిపోతోంది. కాసేపు పడుకుంటా" అంది.

"పొద్దుటి నుంచీ ఒకటే గోలగా ఉంది కదూ. పడుకో" అన్నాడు అతను, అటువైపు వస్తున్న బండికి గేటు తెరుస్తూ. ఆమె వెళ్లింది. కిటికీ మూసి, దుప్పటి కప్పుకుంది.

బాయిలరు మండుతూనే ఉంది. పోవాల్సిన పొగ పోలేదు. పొగ పోని చోట మంట సరిగ్గా మండదు, ఒక విషవాయువును పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గోడ సందులో కుక్కిన పాతగుడ్డలు దాన్ని ఆపలేకపోయాయి.

బడి నుంచి వచ్చిన పిల్ల తలుపు కొట్టింది. కొట్టి కొట్టి, నవ్వుకుంటూ తండ్రి దగ్గరికి పరుగెత్తింది. "నాన్నా, అమ్మ నాతో దొంగాట ఆడుతోంది. లోపలే ఉండి తలుపు తీయట్లేదు."

తండ్రి భుజంతో తలుపు పగలగొట్టాడు. భార్యను ఎత్తుకుని బయటికి తెచ్చి, తూలుతూనే వెళ్లి బాయిలరు మెయిన్ స్విచ్చి ఆపాడు. ఆమె బుగ్గలు ఆరోగ్యవంతురాలి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ వాయువు పీల్చి పోయినవాళ్లకు అలాగే ఉంటాయి. ఆ ఎరుపు చూసి పిల్లకు ధైర్యం వచ్చింది. "అమ్మకేం కాలేదులే నాన్నా" అంది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు స్నానాల గదిలోంచి ఒక గొంతు అరిచింది. "ఎవరయ్యా నీళ్లాపింది? ఒళ్లంతా సబ్బుంది!"

మర్నాడు తనిఖీ అధికారిణి వచ్చింది. తల నెరిసిన మనిషి, మాట తక్కువ. డాబా తాళం తీయించింది. పొగగొట్టం నోటి మీద ఇనుపరేకు, దాని మీద ఇటుకలు ఉన్నాయి. పక్కనే అధ్యక్షుడి ఇంటివాళ్ల బట్టల తీగ. గొట్టంలోంచి వచ్చే ఆవిరికి బట్టలు ఆరడం లేదని వాళ్లు చేసుకున్న ఏర్పాటది.

"అది పనిమనిషి పెట్టి ఉంటుందండీ" అన్నాడు అధ్యక్షుడు. అందరూ మెట్ల మీద గుమిగూడారు. "అయినా గొట్టం చూసుకోవాల్సింది మెకానిక్కు కదా. వైరు వేయమని మేం చెప్పామా?"

"చెప్పలేదు, చెప్పలేదు" అన్నారు నలుగురు.

మెకానిక్కు గోడకు చేరగిలబడి ఉన్నాడు. డాబా తాళం అడిగానని గాని, గది ఖాళీ చేయిస్తామన్నారని గాని అతను చెప్పలేదు. "వేసింది నేనే" అన్నాడు.

"స్విచ్చి పాడైపోయిందేమోనండీ, పాత యంత్రం కదా..." అని సణిగాడు గుమాస్తా.

అధికారిణి అతని వైపు తిరిగింది. "పాడవలేదు. నిన్ననుంచీ ఈ మేడలో సరిగ్గా పనిచేసింది ఆ స్విచ్చి ఒక్కటే. పొగ పోవడం లేదని దానికి తెలిసింది, ఆగమంది. దాని నోరు ఈయన నొక్కాడు. ఈయన నోరు మీరు నొక్కారు. ఈయన చేసిన దానికి చట్టంలో శిక్ష ఉంది, పడుతుంది. మీరు చేసిన దానికి చట్టంలో శిక్ష లేదు. అది మీ అదృష్టమనుకోకండి."

కాసేపటికి వెనక మెట్ల మీంచి ఎవరో తగ్గు గొంతుతో, "ఇంతకీ నీళ్లెప్పుడొస్తాయండీ?" అని అడిగారు.

మెకానిక్కు లైసెన్సు పోయింది. కేసు నడుస్తోంది. అతను ఏ గదిని కాపాడాలని ఆ పని చేశాడో, సంఘం వాళ్లు ఆ గదిని నెల తిరక్కుండానే ఖాళీ చేయించారు. చావు జరిగిన గది పక్కన ఉండటం పిల్లలకు భయంగా ఉందట. కొత్త కాపలా మనిషిని గేటు పక్కన షెడ్డులో పెట్టుకున్నారు.

సామాను తోపుడుబండికి ఎక్కిస్తుంటే మెకానిక్కు వచ్చాడు. "మా ఇంటికి రా బావా. పిల్లని నేను చూసుకుంటా" అన్నాడు.

"నీ మీద కోపం లేదు బావా" అన్నాడు చెల్లెలి భర్త, తాడు బిగిస్తూ. "కానీ నీ ఇంట్లో నాకు ముద్ద దిగదు."

పిల్ల బండి మీద మూటల మధ్య కూర్చుని ఉంది. మేనమామను చాలాసేపు చూసింది. దాని గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగింది.

"మామయ్యా, అందరివీ ఆపేస్తావుగా నువ్వు. మాది ఎందుకు ఆపలేదు?"

అతను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. పసిదానికి చెప్పడానికి అబద్ధం కోసం వెతికాడు, దొరకలేదు.

"అందరూ తిడుతున్నారని, తల్లీ."

బావ బండి తోశాడు. చక్రం అతని చేతిలోంచి జారి ముందుకు పోయింది. పిల్ల మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఊపలేదు.

అమ్మల్లారా, అయ్యల్లారా! మన ప్రాణం కోసం 'ఆగండి' అన్నవాణ్ణి నవ్వులపాలు చేసి, మన తొందర కోసం 'కానివ్వండి' అన్నవాడి భుజం తట్టినంత కాలం, ఏ స్విచ్చీ మన ఇళ్లను కాపాడలేదు.