ఖాళీ పడవకు సరిపోయిన ఇంజను

అమ్మ రంపపు పొట్టులో కాస్త కిరోసిన్ కలిపి నాన్న వేళ్ళు ఒక్కొక్కటే రుద్దుతోంది. గోళ్ళ సందుల్లోని గ్రీజు అన్నం కంచం దాకా రాకూడదని ఆమె పట్టుదల. నాన్న చేతులు ఆమెకు అప్పగించి, ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"ఇవి తోమీ తోమీ నా చేతులు నల్లబడ్డాయి," అంది అమ్మ.

"అంతకుముందు తెల్లగా ఉండేవా ఏం?"

అన్న పోయాక నాన్న నోట వచ్చిన మొదటి హాస్యం అది. ఎవరం నవ్వలేదు.

వదిన నేలమీద కూర్చుని గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. పాత మేడ పడగొడతారని ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఇక మేం ఉండబోయేది పడవలోనే. అది అన్న తెచ్చిన పాత చేపల పడవ. గుండ్రటి పొట్ట, నిదానపు నడక. వల లాగే గిలక పీకేసి, చేపలు పోసే అరలో మంచాలు బిగించి, పైన ఒక గది లేపి, అన్నే దాన్ని ఇల్లు చేశాడు. అవతలి రేవు నుంచి ఇటు తెస్తుంటే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర రాళ్ళకు కొట్టుకుని మునిగింది. పడవను లాగి ఒడ్డున పెట్టారు. అన్నను కూడా.

పడవకు చెక్కలు మార్చారు. నాన్న ఎంచి బిగించిన ఇంజను మాత్రం ఉప్పునీళ్ళు తాగి పనికిరాకుండా పోయింది. పడవలు బాగుచేసే షెడ్డులో ఇప్పుడు రెండు ఇంజన్లున్నాయి. ఒకటి పాతదాని అంతే. రెండోది దానికి రెట్టింపు బలం. క్రేను పొద్దున్నే వస్తుంది కాబట్టి ఏది దింపాలో షెడ్డు మేస్త్రీకి ఈ సాయంత్రమే చెప్పాలి.

"పెద్దది పెడితేనే నేనూ బుజ్జీ పడవ ఎక్కేది," అని వదిన పొద్దున కుళాయి దగ్గర నాతో అంది. "లేకపోతే మా అక్క దగ్గరికి పోతాం. మళ్ళీ రాం." బుజ్జి అన్న కూతురు. ఇప్పుడిప్పుడే మాటలు కలిపి మాట్లాడుతోంది.

"మేస్త్రీకి ఏం చెబుతున్నారు మామయ్యా?" అని వదినే అడిగింది.

"చిన్నది చాలమ్మా. పడవ పొడవెంతో దాని నడకా అంతే. ఏనుగుని ఎంతమంది తోస్తే లేడి అవుతుంది? పెద్దది పెడితే వెనక నీళ్ళు లేస్తాయి గానీ పడవ పరిగెత్తదు. పైగా అంత ఇంజన్ని బద్ధకంగా తిప్పితే లోపల మసి కడుతుంది. ఇంజనైనా మనిషైనా పని లేకపోతే చెడతారు."

"పరుగు ఎవరడిగారు? మొగలో ఎదురు నీరూ ఎదురు గాలీ కలిసొస్తే?"

"నీళ్ళు తిరిగి పోటు మొదలయ్యేదాకా బయట ఆగాలి. ఆగలేనివాడికి ఎంత బలమున్న ఇంజనూ చాలదు."

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ నాన్న ఈ మాటే అన్నాడు. వాడు ఆగి ఉండాల్సింది, తొందరపడ్డాడు అని. అలా అన్నప్పుడల్లా వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఈసారి లేవలేదు.

"ఆయన ఆగారు మామయ్యా. నాకు ఫోన్ చేశారు. లంగరు వేసి కూర్చున్నాను, నీళ్ళు తిరిగాక వస్తానన్నారు. ఇంతలో గాలి పెరిగి లంగరు జారింది. పడవ రాళ్ళమీదికి పోతోందని ఇంజను పూర్తిగా తిప్పారు. ఎంత తిప్పినా ఉన్నచోటే ఉందే అన్నారు. ఆయన ఆఖరి మాట అదే. మీకు చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

అమ్మ చేతిలోని పొట్టు నేలమీద రాలింది.

"ఎందుకు కదలదు? నేనే నడిపి చూశాగా," అన్నాడు నాన్న. "ఎదురు నీటిలోనే మొగ దాటించాను."

"ఎప్పుడు?"

"రంగు ఆరగానే."

"అప్పుడు పడవలో ఏముంది?"

నాకు గుర్తుంది. ఏమీ లేదు. నాన్నా, అన్నా, నేనూ, నాన్న కూర్చోడానికి ఒక స్టూలూ. చేపల పడవలవాళ్ళు అలా ఖాళీగానే నడిపి చూస్తారు. చేపల పడవ వేటకు ఖాళీగా పోతుంది, నిండేది తిరుగుదారిలోనే, అప్పుడు పోటు చూసుకుని మొగలోకి వస్తుంది. నాన్న బతుకంతా అలాంటి పడవలకే ఇంజన్లు బిగించాడు. మా పడవలోకి తర్వాత మంచాలెక్కాయి, బీరువా ఎక్కింది, నీళ్ళ ట్యాంకులు, కుట్టుమిషనూ ఎక్కాయి. పైన కట్టిన గది గాలికి గోడలా నిలబడింది. అంచు కింద నీటిమట్టానికి గుర్తుగా గీసిన ఎర్ర గీత మెల్లగా నీళ్ళలోకి దిగిపోతుంటే మేమంతా చూశాం. పడవ కుదురుగా ఉందని సంతోషించాం కూడా.

"ఇల్లు ఎప్పుడూ నిండే ఉంటుంది మామయ్యా," అంది వదిన.

"ఏమండీ, పోనీ పెద్దదే పెట్టమనండి," అంది అమ్మ. "పసిది ఉంటుంది అందులో. మీ లెక్క తప్పితే ఆకాశమేం ఊడిపడదు."

"నాకు క్షమాపణలేం వద్దు," అంది వదిన. గొంతు పెంచలేదు. "ఆయన తప్పు కాదని మీరు నోటితో చెప్పక్కర్లేదు. పెద్దది పెట్టమనండి. నాకు అర్థమవుతుంది."

అప్పుడే ఫోన్ మోగింది. మేస్త్రీ గొంతు గదంతా వినబడింది. "ఏం బావా, పెళ్ళిచూపులు అయ్యాయా లేదా? క్రేనువాడు నా ప్రాణం తోడేస్తున్నాడు. ఏ పిల్లని ఖాయం చేస్తున్నావ్?"

నాన్న వదిన వైపు చూశాడు. పలక మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్న బుజ్జి వైపు చూశాడు. ఆయన పెదాలు కదిలాయి. పెద్దది అంటాడనే అనుకున్నాను.

"చిన్నదే," అన్నాడు. "ఆఁ. పాతదాని అంతదే. పాతది సరిగ్గానే సరిపోయింది."

ఫోన్ పెట్టేసి, చేతులు మళ్ళీ అమ్మ ముందుకు చాపాడు. అమ్మ ముట్టుకోలేదు.

వదిన గోనెసంచి విప్పి, బుజ్జి పాలగ్లాసు మాత్రం తీసుకుంది. దండెం మీది చిన్న గౌన్లు లాగి ఒక దుప్పట్లో మూట కట్టింది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. వదిన ఆ చేతిని కోపంగా విదిలించలేదు, మెల్లగా విడిపించుకుంది.

"పడవకేనా అమ్మా?" అంది బుజ్జి.

వదిన బుజ్జిని చంకనెత్తుకుని, మూట భుజాన వేసుకుని, మా ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.