పోటుకు లేచే బండి

జంగ్లీఘాట్‌లో మెకానిక్ నూకన్న పొద్దున్నే షెడ్డు తలుపు తీసి ముందు చీపురు పట్టేవాడు. సునామీ వచ్చి రెండో ఏడు నడుస్తున్నా, ఏ బండి విప్పినా లోపల్నుంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉండేది. ఊడ్చి, టీ తాగి, తుప్పు పట్టిన బోల్టులతో కుస్తీ మొదలుపెట్టేవాడు. మధ్యాహ్నానికల్లా భుజాలు పడిపోయేవి. ఇంటికెళ్తే పలకరించే మనిషి లేదు. భార్య గురమ్మను అల తీసుకుపోయింది.

ఆ రోజు షాదీపూర్ నుంచి సుచరిత ఎర్రటి స్పోర్ట్స్ కారు తీసుకొచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే బండి. ఆమె భర్త పృథ్వీ ముచ్చటపడి మద్రాసు నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. కార్ నికోబార్ దీవిలో కాంట్రాక్టు పని చూసుకోవడానికి వెళ్లి, అలలో పోయాడు. అప్పట్నుంచీ సముద్రం పోటు మీదుంటే ఆ బండి పైకి లేచేది, ఆటు మీదుంటే దిగేది. చక్రాలు నేల మీదే ఉండేవి, ఒళ్లు మాత్రం లేచేది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని చూసి చేపల పడవలు ఎప్పుడొస్తాయో చెప్పుకునేవాళ్లు.

సుచరిత నడుం పట్టుకుని మెల్లగా దిగింది. ఆ అలలోనే గోడకు కొట్టుకుని వెన్ను దెబ్బతింది.

"గుంతలో పడితే ప్రాణం పోతోంది బాబాయ్. కుదుపు తగ్గించాలి. ఎత్తు మాత్రం పెంచకు."

నూకన్న వంగి కిందకు చూశాడు. "ఈ రోడ్లకి ఇంత కిందుంటే ఎలాగమ్మా? పెద్ద స్ప్రింగులేసి లేపేత్తాను. ఏ గొడవా, ఝంఝటూ ఉండదు."

"పోటుకి అదే లేస్తుంది కదా! నువ్వింకా లేపితే నేనెక్కలేను. మలుపులో తూలుతుంది కూడా. ఆయన కొన్నప్పుడు ఎంతుందో అంతే ఉండాలి."

"ఎంతుండేదో గురుతుందా?"

"టైరుకీ పై రేకుకీ మధ్య నా అరచెయ్యి పట్టి, కొంచెం చోటు మిగిలేది."

తొందరెందుకో కూడా చెప్పింది. సిప్పీఘాట్ అవతల ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సునామీకి నేల కుంగి, పోటు వేళ అక్కడి రోడ్డు మునిగిపోతోంది. బస్సు వెనక్కి తిరుగుతోంది. రోజూ రాలేక ఇద్దరు టీచర్లు మానేశారు. మామగారు ఎర్రయ్య అదే పట్టుకున్నాడు. ఉద్యోగం వద్దు, వచ్చే నెల మొదటి శనివారం ఓడెక్కి టెక్కలిలో ఆమె అన్నగారింటికి వెళ్లిపొమ్మన్నాడు. చెడ్డవాడు కాదు. కొడుకు పోయాక కోడలి ముఖం చూస్తూ అన్నం తినలేకపోతున్నాడు.

"అక్కడికెళ్తే వదిన వంటింట్లో మిగిలిపోతాను బాబాయ్," అంది సుచరిత.

నూకన్న పనిలో దిగాడు. ఉప్పునీటికి పాత స్ప్రింగులు కుంగిపోయాయి. షాకబ్జర్లలో నూనె లేదు. కొత్తవి మద్రాసు ఓడలో వచ్చాయి. పోటు వస్తే జాకీ అక్కర్లేకుండా బండే లేచేది. అప్పుడు కింద దూరి బోల్టులు తిప్పేవాడు. ఆటు మొదలైతే గబగబా బయటికి పాకేవాడు. కొత్త స్ప్రింగులు వేశాక బండి వేలెడు ఎత్తుగా నిలబడింది. ఉసూరుమంటూ మళ్లీ విప్పి, కింద పెట్టిన రబ్బరు దిండ్లు తీసి పలచనివి వేశాడు. ఆటు వేళ సుచరిత అరచెయ్యి పెట్టి చూసింది.

"సరిగ్గా ఇంతే!" అంది. నూకన్న అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

సోమవారం పొద్దున ఎర్రయ్య కూడా కారెక్కాడు. "నీళ్లు నీ కళ్లతో చూస్తే నువ్వే తిరిగొస్తావు," అన్నాడు.

సిప్పీఘాట్ దాటేసరికి రోడ్డు కనబడలేదు. బస్సు అప్పటికే వెనక్కి తిరుగుతోంది. సుచరిత ఆగలేదు. నీళ్లు పెరిగే కొద్దీ బండి ఒళ్లు లేస్తూ వచ్చింది. చక్రాలు నీటి అడుగున గుంతల్లో పడుతూ లేస్తూ పోతున్నాయి. పైన కూర్చున్నవాళ్లకు ఊయలలో ఉన్నట్టుంది. ఎర్రయ్య డోరు గట్టిగా పట్టుకున్నాడు.

"నడుం నొప్పెడుతోందా?" అన్నాడు చివరికి.

"లేదు మావయ్యా."

అవతలి గట్టున పిల్లలు అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. సుచరిత బండాపి, చీర సర్దుకుని దిగింది. ఎర్రయ్య దాటొచ్చిన నీళ్లవైపు చూశాడు.

"మా పృథ్వీ ఉంటే గంతులేసేవాడు," అన్నాడు. కోడలి వైపు తిరిగాడు. "అన్నం తెచ్చుకున్నావా?"

"మర్చిపోయాను."

"రేపట్నుంచి నేను కట్టిస్తాన్లే. వెళ్లు, పిల్లలు చూస్తన్నారు."

శనివారం ఓడ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సుచరిత బడి నుంచి గొంతు బొంగురుపోయి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చింది. అత్త పార్వతమ్మ కంచం పెట్టేలోపే చాప మీద ఒరిగి నిద్రపోయింది. అల వచ్చిన తర్వాత సుచరితకు అలా నిద్ర పట్టడం అదే మొదటిసారి. లేపబోతున్న భార్యను ఎర్రయ్య చెయ్యెత్తి ఆపాడు.