శనివారం గోలి

ఇంద్రాణి నోరు తెరిచి అద్దంలో చూసుకుంది. నాలుక కింద, పెదవుల లోపల ఎర్రటి పుళ్లు. మంచినీళ్లు మింగినా మంటే.

లూపస్ తిరగబెట్టిందనుకుంది. ఎండ తగిలితే చెంపలు కందిపోవడం, కీళ్లు పట్టేయడం, అప్పుడప్పుడు నోరు పూయడం, అన్నీ ఆ జబ్బు చేసే పనులే. పైగా ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెతో బస్సులు ఆగిపోయి, పంజాగుట్ట ఆస్పత్రి నుంచి తెచ్చుకునే మాత్రలు నిండుకున్నాయి. వారం కిందట పొద్దున్నే వేళ్లు ముడుచుకోక ఆమె అవస్థపడుతుంటే ఇంటి ఓనరు అండాలమ్మ చూసింది. కీళ్లవాతంతో అండాలమ్మ వేళ్లూ వంకరపోయాయి. "నీదీ నాదీ ఒక్క తీరు నొప్పే గద బిడ్డా. నాయి ఏసుకో," అని తన గోలీల అట్ట చేతిలో పెట్టింది.

తలుపు చప్పుడైంది. అండాలమ్మ తలస్నానం చేసి, కర్మన్‌ఘాట్ హనుమంతుడి సింధూరం పెట్టుకుని వచ్చింది.

"శనివారం గదా, నా గోలి ఒకటియ్యి."

ఇంద్రాణి అట్ట అందించింది. ఖాళీ గుంటలు తడిమిన అండాలమ్మ ముఖం పాలిపోయింది.

"ఏంది గిది? గిన్ని ఎట్ల అయిపోయినయ్?"

"రోజుకొకటి వేసుకున్నానండీ అత్తయ్యగారూ."

"రోజూనా! వారానికొక్కటే బిడ్డా!"

"మీరు శనివారమే వేసుకోవడం మీ మొక్కేమో అనుకున్నా. ఉపవాసంలాగా..."

"మొక్కు గాదు, డాక్టరే చెప్పిండు! మర్చిపోకుండ దేవుని దినం పెట్టుకున్న."

అండాలమ్మ కేక విని ఆమె కొడుకు సైదులు ఇద్దరినీ ఎక్కించుకుని దవాఖానకు ఆటో తీశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు మండుతున్నాయి. కుర్రాళ్లు అడ్డొచ్చారు.

"బంద్ నాడు కిరాయి కొడుతున్నవా సైదులన్నా? ఎవరామె, ఆంధ్రామెనా?"

"మా ఇంట్ల మనిషి. మా అమ్మ గోలీలు మింగి పానం మీదికి తెచ్చుకుంది. జరుగున్రి!"

దవాఖానలో రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు తల పట్టుకున్నాడు.

"రెండు జబ్బుల్లోనూ ఒంటిని కాయాల్సిన కణాలే ఒంటిని కొరుకుతాయి. ఎందుకో కచ్చితంగా ఎవరికీ తెలీదు. ఆమెకు ముఖ్యంగా కీళ్లు. మీకు చర్మం, కిడ్నీ, ఏదైనా కావచ్చు. నొప్పి ఒకటైనంత మాత్రాన మందు ఒకటవుతుందా? ఈ పుళ్లు లూపస్‌వి కావమ్మా, ఆ మాత్రలవి. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, రోగాన్ని ఎదిరించే శక్తి ఒంట్లో లేదు."

"తగ్గుతుందా సార్?"

"విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాం. ఇప్పుడు జ్వరం మాత్రం రాకూడదు."

అండాలమ్మ వంకర వేళ్లతో ఇంద్రాణి నుదురు తాకింది. చెయ్యి తీసి, మళ్లీ పెట్టింది.

"సైదులూ, నువ్వు చూడురా. నా చేతులకేం తెలుస్తలేదు."

సైదులు చెయ్యేసి చూశాడు. నర్సు కోసం పరుగెత్తాడు.